ట్యాంకులో బ్లీచింగ్ ఎంత వేయాలి? చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎలా చూడాలి?

మున్సిపాలిటీ నీటి విభాగంలో కొత్తగా చేరిన ఫిట్టర్లు, పంప్ ఆపరేటర్లు, వార్డు ఎమినిటీ సెక్రటరీలు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "లక్ష లీటర్ల ట్యాంకుకు బ్లీచింగ్ ఎన్ని కిలోలు?" వార్డులో నీళ్లు వాసన వస్తున్నాయనో, పిల్లలకు విరేచనాలు అవుతున్నాయనో ఫిర్యాదు వస్తే కౌన్సిలర్లూ ఇదే అడుగుతారు. అన్ని ఊళ్లకూ సరిపోయే ఒక్క అంకె లేదు. బోరు నీళ్లకు చాలిన మోతాదు కాలువ నీళ్లకు చాలదు. ఎండాకాలంలో సరిపోయింది తొలకరి వరద రాగానే చాలకుండా పోతుంది. కాబట్టి మీ ట్యాంకుకు, ఈ వారం నీళ్లకు ఎంత కావాలో మీరే తేల్చుకునే పద్ధతి కింద ఇచ్చాం. ఇందులో పెద్ద లెక్కలేమీ లేవు. ఒక కాటా, ఐదు బకెట్లు, ఒక సిరంజి, క్లోరిన్ చూసే కిట్టు ఉంటే చాలు.

ముందు ఒక్క మాట తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. నీళ్లలో వేసిన క్లోరిన్‌లో కొంత అక్కడున్న మురికిని, క్రిములను చంపడానికే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత మిగిలిందే దారిలో, పైపుల్లో నీళ్లను కాపాడుతుంది. దాన్నే మిగులు క్లోరిన్ అంటాం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఇది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వైరస్‌ల నుంచి రక్షణ కావాల్సినప్పుడు 0.5 ఉండాలి. లీటరుకు 1 మిల్లీగ్రామునే మనవాళ్లు 1 పీపీఎం అంటారు. వానాకాలమంతా చివరి కుళాయి దగ్గర 0.5 ఉండేలా చూసుకోండి, మిగతా రోజుల్లో 0.2 కంటే తగ్గనివ్వకండి.

కావలసినవి

- బ్లీచింగ్ పౌడర్, ఐఎస్‌ఐ మార్కు ఉన్నది. బస్తా మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చదవగలిగేలా ఉండాలి.
- గ్రాముల్లో తూచే చిన్న కాటా, కిలోల్లో తూచే కాటా
- మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లు: 10 లీటర్లవి ఐదు, కలపడానికి 20 లీటర్లది ఒకటి. ఇనుము, జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) బకెట్లు వద్దు.
- ఒక లీటరు ప్లాస్టిక్ సీసా, మందుల షాపులో దొరికే 5 మి.లీ. సిరంజి (సూది అక్కర్లేదు)
- క్లోరోస్కోప్, అంటే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగును బట్టి చూపే చిన్న కిట్టు. ఓటీ (ఆర్థోటాలిడిన్, పసుపు రంగు ఇస్తుంది) ద్రావణంతో పనిచేసేదైనా, డీపీడీ (గులాబీ రంగు ఇచ్చే మరో రసాయనం) మాత్రలతో పనిచేసేదైనా సరే.
- రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు, తాడు, కర్ర
- రిజిస్టరు, పెన్ను

ఓటీ, డీపీడీ రెంటిలో ఇండెంటు (స్టోరుకు సరుకు కోరే చీటీ) పెట్టే అవకాశం మీకుంటే డీపీడీయే అడగండి. ఓటీ ద్రావణం ఆరోగ్యానికి మంచిది కాదు, పైగా నీళ్లలో మాంగనీసో నైట్రైటో ఉంటే క్లోరిన్ లేకపోయినా పసుపు రంగు చూపిస్తుంది. చేతిలో ఓటీయే ఉంటే దాంతోనే చేయండి, పరీక్ష మాత్రం మానకండి. పరీక్ష చేసిన నీళ్లు తాగే నీళ్లలో కలవకుండా దూరంగా పారబోసి, చేతులు కడుక్కోండి.

జాగ్రత్తలు

బ్లీచింగ్‌లో యాసిడ్ కలిస్తే విషవాయువు వస్తుంది. బాత్రూము కడిగే యాసిడ్ డబ్బా ఉన్న గదిలో ఈ బస్తా ఉండకూడదు. డీజిల్, కిరోసిన్, గ్రీజు తగిలితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి పంపు గదిలోనూ పెట్టకండి. ఎప్పుడూ నీళ్లలోకి పౌడరు వేయండి, పౌడరు మీద నీళ్లు పోయకండి. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ట్యాంకు నిచ్చెన ఒంటరిగా ఎక్కకండి. ఒక చేత్తో బకెట్ పట్టుకుని మరో చేత్తో ఎక్కడం మన ఊళ్లలో మామూలైపోయింది, దయచేసి అలా చేయకండి. పైకెక్కి నిలదొక్కుకున్నాక తాడుతో బకెట్ లాక్కోండి. వానలో, పిడుగులు పడే సమయంలో అసలు ఎక్కవద్దు.

ఇక్కడ చెబుతున్నదంతా బ్లీచింగ్ పౌడరుకు సంబంధించిందే. ఫిల్టర్ ప్లాంటులో గ్యాస్ క్లోరిన్ సిలిండర్లు ఉంటే వాటిని శిక్షణ పొందినవాళ్లే ముట్టుకోవాలి.

1. ట్యాంకులోకి ఎన్ని లీటర్లు వస్తున్నాయో లెక్కకట్టండి

గుండ్రటి ట్యాంకయితే: లోపలి వ్యాసం × వ్యాసం × 0.785 × నీటి లోతు. అన్నీ మీటర్లలో కొలవండి. వచ్చిన అంకెను 1,000తో గుణిస్తే లీటర్లు వస్తాయి. ఉదాహరణకు వ్యాసం 8 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు అయితే 8 × 8 × 0.785 × 3 = దాదాపు 150. అంటే 150 కేఎల్ (కిలోలీటర్లు), లక్షా 50 వేల లీటర్లు.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ట్యాంకు మీద పెయింటుతో రాసిన కెపాసిటీని పట్టుకుని లెక్క వేస్తారు. నిన్నటి నీళ్లు ఒక మీటరు మిగిలి ఉంటే ఈరోజు కొత్తగా వచ్చేది 2 మీటర్లే, అంటే లక్ష లీటర్లే. గేజి చూసి కొత్త నీళ్లకే లెక్క వేయండి. రోజుకు రెండుసార్లు నింపే ట్యాంకుకు రెండుసార్లూ వేయాలి. పొద్దున వేశాం కదా అని సాయంత్రం వదిలేస్తే సాయంత్రం సప్లై అందుకునే వీధులకు క్లోరిన్ లేని నీళ్లు వెళ్తాయి.

2. బకెట్ పరీక్షతో మోతాదు తేల్చండి

ఈ పరీక్షకు గంట పడుతుంది. రోజూ అక్కర్లేదు. వారానికోసారి, కొత్త బ్యాచ్ బస్తా విప్పినప్పుడు, నీళ్ల రంగు మారినప్పుడు చేయాలి.

ట్యాంకులో వాడబోయే బస్తా నుంచే 40 గ్రాముల పౌడరు తూచండి. కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, ఉండలు చిదిపి, సీసాలో వేసి నీళ్లతో లీటరు చేయండి. బాగా కుదిపి 15 నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగి పైన తేట మిగులుతుంది. ఆ తేటే మనకు కావాలి.

ఐదు బకెట్లలో ట్యాంకు ఇన్‌లెట్ నుంచి పట్టిన నీళ్లు 10 లీటర్ల చొప్పున పోయండి. మొదటి బకెట్‌లో ఏమీ కలపకండి. మిగతా నాలుగింటిలో వరుసగా 1, 2, 3, 4 మి.లీ. తేట సిరంజితో వేసి, కలిపి, మూత పెట్టి నీడలో ఉంచండి. సరిగ్గా 30 నిమిషాల తర్వాత ఒక్కొక్క దాంట్లో క్లోరిన్ చూసి రాసుకోండి.

ఈ కొలతలో ఒక్కో మి.లీ. లక్ష లీటర్లకు 400 గ్రాముల పౌడరుతో సమానం. మీ పౌడరులో బలం ఎంతుందో మీకు తెలియనక్కర్లేదు. ట్యాంకులో వేసేదీ అదే పౌడరు కాబట్టి బలం లెక్క దానంతట అదే సరిపోతుంది. ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సౌలభ్యం ఇదే. తయారైనప్పుడు మంచి బ్లీచింగ్‌లో 33 శాతం క్లోరిన్ ఉంటుంది. గోదాములో ఎండకు, తేమకు అది తగ్గిపోతూ ఉంటుంది. బస్తా మీద 33 అని అచ్చు వేసిందని దానితో లెక్కకట్టిన మోతాదు అందుకే తరచూ చాలకుండా పోతుంది.

కాలువ నీళ్లతో ఫలితాలు ఇలా వచ్చాయనుకుందాం: మొదటి బకెట్ 0, ఒక మి.లీ. 0, రెండు మి.లీ. 0.2, మూడు మి.లీ. 1.0, నాలుగు మి.లీ. 2.0. ట్యాంకు దగ్గర 1.0 వచ్చే మోతాదుతో మొదలుపెట్టండి. అంటే ఇక్కడ మూడు మి.లీ.: లక్ష లీటర్లకు 1,200 గ్రాములు. లక్షన్నర లీటర్ల ట్యాంకుకు 1.8 కిలోలు.

మొదటి బకెట్‌లోనే 0.3, 0.5 కనిపిస్తే పైన ప్లాంటులో వేసిన క్లోరిన్ ఇంకా మిగిలి ఉందన్నమాట. అలాంటప్పుడు చాలా కొద్దిగా కలిపితే చాలు. నాలుగు మి.లీ. వేసిన బకెట్‌లోనూ సున్నా వస్తే రెండు కారణాలు ఉండొచ్చు: పౌడరు చచ్చిపోయింది, లేదా నీళ్లు బాగా మురికిగా ఉన్నాయి. శుభ్రమైన బోరు నీళ్లతో ఇదే పరీక్ష మళ్లీ చేయండి. అందులోనూ రంగు రాకపోతే బస్తా మార్చాలి. బోరు నీళ్లలో వచ్చిందంటే లోపం కాలువ నీళ్లలో ఉంది, ఆ విషయం ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) వెంటనే చెప్పాలి.

బకెట్లు మురికిగా ఉంటే ఆ మురికే క్లోరిన్‌ను తినేస్తుంది. పరీక్షకు ముందు బ్లీచింగ్ నీళ్లతో కడిగి, తర్వాత పరీక్షించబోయే నీళ్లతోనే తొలవండి.

3. తూచండి, కలపండి, తేరనివ్వండి

డబ్బాలతో, చేటలతో కొలవడం మానేయండి. పొడిగా ఉన్న పౌడరు, తేమ పట్టిన పౌడరు ఒకే డబ్బాలో ఒకే బరువు తూగవు. 1.8 కిలోలు తూచి, 20 లీటర్ల బకెట్‌లోని నీళ్లలో కొద్దికొద్దిగా వేస్తూ కర్రతో కలపండి. ఉండలు లేకుండా చూసి 15 నిమిషాలు ఆగండి.

పౌడరును నేరుగా ట్యాంకులో గుమ్మరించడం అన్నిటికంటే పాత అలవాటు. పౌడరు కుప్పగా అడుక్కి దిగుతుంది, సున్నం పేరుకుంటుంది. అవుట్‌లెట్ దగ్గర ముందు వచ్చే నీళ్లు ఘాటుగా, తర్వాతివి ఖాళీగా వెళ్తాయి. బస్తాకు చిల్లులు పెట్టి ట్యాంకులో వేలాడదీసినా ఫలితం అంతే.

4. ట్యాంకు నిండుతున్నప్పుడే పోయండి

నీటిమట్టం పావు వంతుకు వచ్చాక, ఇన్‌లెట్ నీళ్లు దూకే చోట తేట నీళ్లను నెమ్మదిగా పోయండి. పడే ధారే కలిపేస్తుంది. నిండిన ట్యాంకులో పైనుంచి పోస్తే కలవదు. అడుగున మిగిలిన సున్నపు ముద్దను ట్యాంకులోకి వంచకండి.

కింద సంపు ఉంటే అక్కడ వేయడమే మేలు. పంపు తిరిగేటప్పుడు బాగా కలుస్తుంది, ఎవరూ నిచ్చెన ఎక్కనక్కర్లేదు. ప్లాస్టిక్ డ్రమ్ముకు చిన్న కుళాయి బిగించి, పంపు నడిచినంతసేపూ తేట నీళ్లు సన్నగా సంపులో పడేలా పెడితే ఇంకా మంచిది. ఆ కుళాయి సున్నంతో మూసుకుపోతూ ఉంటుంది, రోజూ చూడాలి.

5. అరగంట ఆగి వాల్వు తిప్పండి

క్లోరిన్ పనిచేయడానికి కనీసం 30 నిమిషాలు కావాలి. ఒకవైపు నిండుతుండగానే మరోవైపు వదిలితే ఆ టైము దొరకదు. సప్లై ఐదున్నరకు అయితే ట్యాంకు ఐదుకు నిండి ఉండాలి. కరెంటు పోయి ఆలస్యమైతే సప్లైని అరగంట జరపండి. ఫోన్లు వస్తాయి నిజమే, కానీ ఆ అరగంటను మాత్రం కుదించకండి.

6. మూడు చోట్ల పరీక్షించండి

ట్యాంకు అవుట్‌లెట్, లైను మధ్యలో ఒక కుళాయి, టెయిల్ ఎండ్‌లో ఆఖరి కుళాయి. మూడూ కావాలి. ఒక్కటే చూసే తీరిక ఉంటే ఆఖరిది చూడండి.

మెయిన్ లైను నుంచి నేరుగా వచ్చే కుళాయినే ఎంచుకోండి. ఇంటి సంపులోంచి, మేడ మీది ట్యాంకులోంచి వచ్చే నీళ్లు పనికిరావు, బిందెలో నిన్న పట్టినవి అసలే పనికిరావు. కుళాయి మూతి తుడిచి, రెండు నిమిషాలు వదిలి, ట్యూబును ఆ నీళ్లతోనే రెండుసార్లు తొలిచి గీత వరకు పట్టండి. ఓటీ అయితే కిట్టు మీద చెప్పినన్ని చుక్కలు వేసి, కలిపి, 10 సెకన్లలోపే రంగు సరిపోల్చండి. డీపీడీ అయితే మాత్రను చేత్తో ముట్టుకోకుండా వేసి, కరగగానే చూడండి. తెల్లటి వెలుతురులో, నీడలో చూడాలి.

నీళ్లు సీసాలో పట్టి ఆఫీసుకు తెచ్చి చూస్తే దారిలో ఎండకే క్లోరిన్ పోతుంది. నిలబడ్డచోటే చూడండి.

ఓటీలో వెంటనే రంగు రాక, నాలుగైదు నిమిషాలకు మెల్లగా పసుపు తేలితే దాన్ని మిగులు క్లోరిన్ కింద రాయకండి. క్లోరిన్ అమ్మోనియాతో కలిసిపోయిందనడానికి అది గుర్తు. బాగున్న లైనులో ఒక్కచోటే అలా కనిపిస్తే మురుగు కలుస్తోందేమో చూడాలి. రంగు పసుపు దాటి నారింజకు, ఎరుపుకు తిరిగితే మోతాదు బాగా ఎక్కువైంది. డీపీడీలో గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైతే అదీ ఎక్కువే, సున్నా అనుకుని ఇంకా పౌడరు వేయకండి. అనుమానముంటే ఆ నీళ్లకు తొమ్మిది వంతుల క్లోరిన్ లేని బోరు నీళ్లు కలిపి మళ్లీ చూసి, వచ్చినదాన్ని పదితో గుణించండి. ట్యాంకులో 5 దాటితే ఆ నీళ్లు వదలకూడదు. కొంత తీసేసి మళ్లీ నింపాలి.

కిట్టు సరిగా పనిచేస్తోందో లేదో నెలకోసారి చూసుకోండి. క్లోరిన్ వేయని బోరు నీళ్లలో రంగు రాకూడదు. అదే నీళ్లలో ఒక చుక్క బ్లీచింగ్ తేట వేస్తే రావాలి. ఓటీ సీసాను ఎండలో పెట్టకండి.

7. వచ్చిన అంకెలను చదవండి

అవుట్‌లెట్ 1.0, మధ్యలో 0.8, చివర 0.5 వస్తే అంతా బాగుంది.

అవుట్‌లెట్ 0.6, మధ్యలో 0.3, చివర 0.1 వస్తే మోతాదు చాలలేదు. లక్ష లీటర్లకు 200 గ్రాములు పెంచి రేపు చూడండి. ఒక్కసారిగా రెట్టింపు చేస్తే ట్యాంకు దగ్గరి ఇళ్లవాళ్లు వాసనకు నీళ్లు పారబోసి, శుద్ధి చేయని బోరింగు నీళ్లు తెచ్చుకుంటారు.

అవుట్‌లెట్ 1.0, మధ్యలో 0.8 ఉండి చివర ఉన్నట్టుండి సున్నా వస్తే దాన్ని మోతాదు సమస్య అనుకోకండి. పైపులోకి బయటి నీళ్లు వస్తున్నాయని గట్టిగా అనుమానించండి. ఇలాంటప్పుడు ట్యాంకులో ఇంకో కిలో వేసి రిజిస్టరులో అంకె సరిచేయడం చాలా ప్రమాదం. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో మురుగు కలిసిన కుళాయి నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. లైనులోకి పెద్దయెత్తున మురుగు వస్తుంటే ట్యాంకులో వేసిన బ్లీచింగ్ దాన్ని ఆపలేదు.

ఆ రోజు చేయాల్సినవి:

- ఆ వీధి వాల్వు కట్టేయండి. ట్యాంకరు పంపించండి, ట్యాంకరులోనూ క్లోరిన్ చూడండి.
- వీధివాళ్లకు మైకులో చెప్పించండి: పొద్దున పట్టిన నీళ్లు పారబోయాలి, కాచి చల్లార్చినవే తాగాలి.
- హెల్త్ సెక్రటరీని, ఆశా కార్యకర్తను అడగండి: ఆ వీధిలో విరేచనాల కేసులున్నాయా?
- హెచ్‌టూఎస్ సీసాలో (నీళ్లలో మలం కలిసిందేమో చూసే పరీక్ష సీసా) నీళ్లు పట్టి వెచ్చటి చోట ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. అయితే దాని ఫలితం వచ్చేదాకా ఆగకండి, వాల్వు ముందే కట్టేయాలి.
- లీకేజీ వెతకడానికి లైనును సగాలుగా విడగొట్టండి. క్లోరిన్ ఉన్న ఆఖరి కుళాయికి, లేని మొదటి కుళాయికి మధ్యలో చూడండి. తర్వాత ఆ ముక్కలో సగం. నాలుగైదు పరీక్షలకు ఒకటి రెండు కరెంటు స్తంభాల దూరానికి వచ్చేస్తారు.

అక్కడ ఏం చూడాలి? మురుగు కాలువ అడుగునుంచి, కల్వర్టు కిందనుంచి పోయే ఇంటి కనెక్షన్ల తుప్పు పట్టిన జీఐ పైపులు ముందు చూడండి. తర్వాత కుళాయి గుంతలు. ప్రెషరు చాలక జనం గుంత తవ్వి కుళాయి కిందికి దింపుకుంటారు. సప్లై ఆగగానే పైపు ఖాళీ అవుతూ ఆ గుంతలోని మురుగును లోపలికి పీలుస్తుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించినా అదే జరుగుతుంది, పగుళ్లున్న ప్రతిచోటి నుంచీ మురికిని లాగుతుంది. ఆ మోటార్లు తీయించడానికి నోటీసు ఇవ్వాల్సి వస్తే పక్కింటివాళ్ల ముందే పరీక్ష చేసి చూపించండి. జరిమానా మాటకంటే అది త్వరగా పనిచేస్తుంది.

మరమ్మతు అయ్యాక స్కవర్ వాల్వు (లైనులోని మురికిని బయటకు వదిలే వాల్వు) తెరిచి, లేదంటే ఎండ్ క్యాప్ (పైపు చివరి మూత) తీసి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి. చివర క్లోరిన్ కనిపించాకే సప్లై ఇవ్వండి.

మోతాదు మారే రోజులు

కోస్తాలో కాలువలు కట్టేశాక సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు (వేసవి కోసం నీళ్లు నిల్వచేసే చెరువు) నీళ్లే దిక్కు. నీళ్లు తగ్గేకొద్దీ నాచు పెరుగుతుంది, క్లోరిన్ ఎక్కువ తింటుంది, పీహెచ్ పెరిగి క్లోరిన్ పనితనమూ తగ్గుతుంది. అరగంట బదులు గంట ఆగండి. కొత్త నీళ్లు వదిలిన మొదటి వారం, నదికి వరద వచ్చినప్పుడు బకెట్ పరీక్ష రోజూ చేయాలి. నీళ్లు బురదగా ఉంటే ముందు పటిక, ఫిల్టరు సంగతి చూడాలి. బురద రేణువుల చాటున దాగిన క్రిములను క్లోరిన్ చేరలేదు. బురదనం 5 ఎన్‌టీయూ (బురదనాన్ని కొలిచే కొలమానం) దాటకూడదు, 1 లోపు ఉంటే మంచిది.

స్టోరు, ఇండెంటు

రోజుకు 5 లక్షల లీటర్లకు, లక్షకు 1.2 కిలోల చొప్పున 6 కిలోలు. నెలకు 180 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు ఏడెనిమిది. నెలన్నరకు సరిపడా ఉంటే చాలు. చవకని ఆరు నెలలకు ఒకేసారి కొంటే ఆఖరి బస్తాల్లో మిగిలేది సున్నమే. చెక్క పలకల మీద, గాలి ఆడే చల్లటి గదిలో పెట్టి, వచ్చిన తేదీని ప్రతి బస్తా మీద మార్కర్‌తో రాయండి. ముందు వచ్చింది ముందు వాడాలి. విప్పిన బస్తా మూతి గట్టిగా కట్టాలి. శానిటేషన్ వాళ్లు మురుగు కాలువల పక్కన చల్లడానికి సున్నం కలిపిన బ్లీచింగ్ వాడతారు. ఆ బస్తాలు ఈ గదిలోకి రాకూడదు.

రిజిస్టరు

తేదీ, ట్యాంకు, నిండిన టైము, కొత్త నీళ్లు, పౌడరు బరువు, బ్యాచ్ నంబరు, వాల్వు తిప్పిన టైము, మూడు చోట్ల రీడింగులు, ఆ కుళాయిలున్న ఇళ్ల డోర్ నంబర్లు, సంతకం. ఇన్ని గళ్లు చాలు. చివరి కుళాయిని రోజుకో వీధిలో మార్చండి, రోజూ ఒకే ఇల్లయితే పక్క వీధి పగులు నెలల తరబడి కనిపించదు.

తనిఖీ చేసే ఏఈలకు, కమిషనర్లకు ఒక మాట. నెలంతా ప్రతి గడిలో 0.5 అని ఉంటే ఆ రిజిస్టరును నమ్మకండి. నిజంగా పరీక్ష చేసిన పేజీలో 0.4, 0.7, అప్పుడప్పుడు సున్నా కనిపిస్తాయి. సున్నా రాసిన ఫిట్టరును మందలిస్తే మర్నాటి నుంచి మీకు 0.5లే కనిపిస్తాయి. సున్నా రాసిన రోజున ఆ గడి పక్కన ఏ వాల్వు కట్టారు, ఎప్పుడు బాగుచేశారు, మళ్లీ ఎంత వచ్చింది అన్నవి ఉన్నాయో లేదో చూడండి. కౌన్సిల్ సమావేశానికి పంపే నీటి సరఫరా నోట్‌లో ఆ సున్నాలు వచ్చిన వీధుల పేర్లు పెట్టండి. పైపులైను మార్చడానికి అంచనాలు వేసేటప్పుడు ముందు ఏ వీధి అన్న ప్రశ్నకు ఆ జాబితాయే ఆధారం అవుతుంది.